నాలుగు డిగ్రీల తప్పు

మా ఆఫీసులో ఒక రిక్వెస్ట్‌కి 200 మిల్లీసెకన్లలో జవాబొస్తే పర్వాలేదంటారు. దాన్ని 150కి తగ్గిస్తే మీటింగ్‌లో పేరు చెప్పి మరీ చప్పట్లు కొట్టిస్తారు. అదే 200 మిల్లీసెకన్లలో, 10,000 ఆర్‌పీఎం మీదున్న మా నాయన ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 33 చుట్లు తిరిగేస్తుంది. టూ స్ట్రోక్ కదా, ప్రతి చుట్టుకీ ఒక స్పార్క్. మొత్తం 33 స్పార్కులు. ఒక్కోటి పడాల్సిన చోటే పడాలి.

పడకపోతే ఏమవుతుందో పోయిన డిసెంబర్‌లో ఒక పొద్దున చూశా. ఆ పొద్దున ఒక ముసలామె పడుకున్న చోటికి పది అడుగుల దూరంలో నా బండి ఆగింది. ఆ పది అడుగుల సంగతి మా అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. అమ్మ ఫోన్లో ఇట్లాంటివి చదవదు గానీ మా చిన్నాయన కూతురు చదువుతుంది, చదివి చెప్తుంది. చెప్పనీ.

మాది కొడంగల్. ఇప్పుడు వికారాబాద్ జిల్లా, నా చిన్నప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. హైదరాబాద్ నుంచి చేవెళ్ల, పరిగి మీదుగా బీజాపూర్ పోయే రోడ్డు మీద ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే కర్ణాటక. చుట్టూ కంది చేలు. 1994లో పంట మంచిగొచ్చి నాయన ఆ పైసలతో ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. నేను పుట్టినప్పుడు తాండూరు దవాఖాన నుంచి అమ్మనూ నన్నూ ఇంటికి తెచ్చింది ఆ బండే అంటాడు. అమ్మ మాత్రం ఆటోలో వచ్చామంటుంది. ఈ పంచాయితీ ఇంకా తెగలేదు.

ఆర్‌ఎక్స్ 100 గురించి మీకు చెప్పక్కర్లేదు. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. బోర్ 50 మి.మీ., స్ట్రోక్ 50 మి.మీ., 98 సీసీ, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. కాగితం మీద పెద్ద లెక్కేం కాదు. కానీ తేలికైన బండి, యాక్సిలేటర్ తిప్పగానే ముందు చక్రం లేవబోతుంది. అందుకే ఇప్పటికీ పాత బండి కోసం కొత్త బండి ధర పెట్టేవాళ్లున్నారు. మా బండి మాత్రం నాయన స్ప్లెండర్ కొన్నాక పశువుల కొట్టంలో టార్పాలిన్ కింద పడుకుంది, చాలా ఏళ్లు.

దాన్ని లేపింది నేనే. గచ్చిబౌలిలో పొద్దంతా స్క్రీన్ చూసి, రూముకొచ్చి మళ్లీ ఫోన్ స్క్రీన్ చూస్తుంటే డ్రాగ్ రేసు వీడియోలు తగిలాయి. డ్రాగ్ అంటే మలుపుల్లేని రేసు. ఆగి ఉన్న బండి, పచ్చ లైటు, నిటారు దారి, ఎవరు ముందు చేరితే వాళ్లది. పాత లెక్క పావు మైలు, అంటే 402 మీటర్లు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద బైకులకు జాతీయ డ్రాగ్ పోటీలు పెడతారు. అందులో టూ స్ట్రోక్‌లకు వేరే తరగతులే ఉంటాయి. వంద సీసీ బండ్లు కందిరీగల్లా మోగుతూ పోతుంటే నాకు నిద్ర పట్టలేదు. పశువుల కొట్టం యాదికొచ్చింది.

నాయనను అడిగితే కొంచెం సేపు ఏమీ అనలేదు. తర్వాత రెండే మాటలు చెప్పాడు. "బ్లాకు మీద చెయ్యేసే ముందల నాకు చెప్పు. రోడ్డు మీద జోరు చెయ్యకు." మొదటిది విన్నా.

*

బండిని తాండూరు తీసుకెళ్లా. నాపరాళ్లు పాలిష్ చేసే మిషన్ల నడుమ ఉస్తాద్ షెడ్డు. నాయన బండి మొదటి సర్వీసింగ్ నుంచి ఆయన చేతిలోనే ఉంది. అక్కడ ప్రతి వస్తువు మీదా రాతి దుమ్ము ఉంటుంది, చాయ్ గ్లాసు మీద కూడా. (ఫిల్టర్ పీకేసి స్టైల్‌గా తిరిగేవాళ్లు తాండూరులో నెల తిరక్కుండా పిస్టన్ మార్చుకుంటారని ఉస్తాద్ జోకు. జోకు కాదని తర్వాత తెలిసింది.)

పోర్టులు ఆయనే రాకాడు. పెద్ద కార్బురేటర్ పెట్టాం. సైలెన్సర్ తీసి ఎక్స్‌పాన్షన్ చాంబర్ బిగించాం. నా వంతుగా నేను తెచ్చింది ప్రోగ్రామబుల్ సీడీఐ. అరచేతిలో పట్టే నల్లడబ్బా, లాప్‌టాప్‌కి తగిలిస్తే ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ ఇవ్వాలో పట్టికలో రాసుకోవచ్చు. కంపెనీ బండిలో ఈ వెసులుబాటు లేదు. నాకైతే ఇది ఇంకో కాన్ఫిగ్ ఫైల్. నేను రోజూ చేసే పనే అనుకున్నా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి టైమింగ్ అంటే ఏంటో చెప్పుకోవాలి. పెట్రోలు ఆవిరి ఒక్కసారిగా పేలదు. ప్లగ్గు దగ్గర అంటుకుని మంట అంచులదాకా పాకాలి. దానికి కొంత టైమ్ పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇస్తారు. ఎంత ముందు ఇవ్వాలంటే, మంట ఒత్తిడి బాగా పెరిగేసరికి పిస్టన్ పైభాగం దాటి దాదాపు 15 డిగ్రీలు కిందికి దిగి ఉండాలి. అప్పుడు ఆ ఒత్తిడి పిస్టన్‌ని కిందికి తోస్తుంది.

మా నాయనమ్మ, పెద్దమ్మ ఒకే రోట్లో కారం దంచేవాళ్లు. రెండు రోకళ్లు. ఒకటి దిగి లేస్తుంటే రెండోది దిగాలి. రెండోది ఆలస్యమైతే మిరపకాయలు సరిగా నలగవు, అంతే. తొందరపడితే మాత్రం రోకలికి రోకలి తగిలి భుజాల దాకా జివ్వుమంటుంది. స్పార్క్ కూడా అట్లాగే. ఆలస్యమైతే ఊపు పోతుంది, పైపు వేడెక్కుతుంది. ముందైతే పైకొస్తున్న పిస్టన్ నెత్తిన దెబ్బ. ఇంకా ముందైతే, మంట చేరని మూలల్లో మిగిలిన ఆవిరి ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటుంది. దాన్నే డిటోనేషన్ అంటారు. మామూలు బండిలో ఎత్తు ఎక్కేటప్పుడు టకటక వినిపిస్తుంది చూడండి, అది. 10,000 ఆర్‌పీఎంలో, ఆ పైపు మోతలో, అది వినపడదు. అదే అసలు ప్రమాదం.

ఇంజిన్ స్పీడు పెరిగేకొద్దీ మంటకు దొరికే టైమ్ తగ్గుతుంది కదా, కాబట్టి స్పార్క్ ఇంకా ఇంకా ముందుకు జరపాలి. కాలేజీలో మేం చదివింది ఇదే, ఫోర్ స్ట్రోక్ కార్లలో చాలావరకు జరిగేదీ ఇదే. నా మొదటి పట్టిక కూడా ఇట్లాగే రాశా. 11,000 దగ్గర 28 డిగ్రీలు. ఉస్తాద్ లాప్‌టాప్‌లోకి తొంగి చూసి, ఇంగ్లిష్ అంకెలు మాత్రమే చదివి, "ఉల్టా రాసినవ్ బేటా" అన్నాడు.

నిజంగానే ఉల్టా. రేసింగ్ టూ స్ట్రోక్‌లో పై స్పీడుకు పోయేకొద్దీ టైమింగ్‌ని వెనక్కి తేవాలి. ఒక కారణం, పోర్టుల్లోంచి దూసుకొచ్చే గాలి సుడులు మంటను తొందరగా పాకిస్తాయి. రెండోది పైపు. ఈ పైపు కథ సినిమా తీయొచ్చు.

తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఉండేవాడు. పొగ గొట్టంలో పోయే శబ్ద తరంగాన్ని వెనక్కి తిప్పి, బయటికి జారిపోబోతున్న తాజా పెట్రోలు ఆవిరిని మళ్లీ సిలిండర్‌లోకి తోయించడంలో ఏళ్ల తరబడి పనిచేశాడు. లావుగా ఉబ్బి మళ్లీ సన్నబడే ఎక్స్‌పాన్షన్ చాంబర్ ఆకారం ఆ పనితోనే పదునెక్కింది. 1961కల్లా 125 సీసీ ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ లాగాడు. అంటే లీటరుకు 200. ఆ ఏడాదే అతని రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసుకు పోయి అటునుంచటే పారిపోయాడు. ఆ విద్య సుజుకీకి చేరింది. 1962లో 50 సీసీ ప్రపంచ చాంపియన్ సుజుకీ మీద డెగ్నరే. ఈరోజు తాండూరు షెడ్డులో ఆర్‌ఎక్స్‌కి బిగించే ఉబ్బుగొట్టం వెనక అంత గూఢచారి కథ ఉంది.

ఆ తరంగం వెనక్కి రావడానికి పట్టే టైమ్ పైపు పొడవు మీద, లోపలి వేడి మీద ఆధారపడుతుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది. స్పార్క్ ఆలస్యం చేస్తే మండుతున్న గ్యాసు ఎక్కువ వేడితో పైపులోకి వస్తుంది, తరంగం తొందరగా తిరిగొస్తుంది, అప్పుడు పైపు ఇంకా పై స్పీడుకు కూడా సరిపోతుంది. అంటే సిలిండర్ దగ్గర కొంచెం పోగొట్టుకుని పైపు దగ్గర అంతకంటే ఎక్కువ సంపాదించుకుంటాం. డ్రాగ్‌లో గేరు మార్చే ముందు ఇంకో అయిదొందల ఆర్‌పీఎం లాగగలిగితే అదే గెలుపు.

పట్టిక తిరగరాశా. 5,000 దగ్గర 24, 8,000 దగ్గర 21, 9,500కి 18, 11,000కి 13. ఇవి మా ఇంజిన్ అంకెలు. మీ బండికి కాపీ కొట్టకండి ప్లీజ్, పోర్టులూ పైపూ హెడ్డూ వేరైతే అంకెలూ వేరు.

పట్టిక బాగుంది. ఇప్పటికీ అదే పట్టిక. తప్పు పట్టికలో లేదు.

*

సీడీఐకి పిస్టన్ ఎక్కడుందో తెలీదు. మ్యాగ్నెట్ మీద ఒక బొడిపె ఉంటుంది, అది పల్సర్ కాయిల్ ముందు నుంచి పోయినప్పుడు ఒక సిగ్నల్ వస్తుంది. ఆ బొడిపె పిస్టన్ పైభాగానికి ఎన్ని డిగ్రీల ముందు దాటుతుందో మనమే కొలిచి డబ్బాకి చెప్పాలి. అదే సున్నా. మిగతా లెక్కలన్నీ ఆ సున్నా నుంచే.

నేను ప్లగ్గు తీసి, రంధ్రంలో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి, మ్యాగ్నెట్ చేత్తో తిప్పుతూ స్క్రూడ్రైవర్ పైకి లేవడం ఆగిపోయిన చోట మార్కర్‌తో గీత పెట్టా. ఉస్తాద్ ఆ రోజు పెళ్లికి పోయాడు. ఆయనొచ్చేదాకా ఆగొచ్చు. శని, ఆదివారాలు తప్ప నాకు దొరకవు, సోమవారం స్టాండప్ మీటింగ్. ఆగలేదు.

మే నెలలో బండి లేచింది. ఏం లేచింది! 7,000 దాటగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు పోయేది. నవంబర్‌లో ప్లగ్గు తీసి చూస్తే తెల్ల పింగాణీ మీద సన్నటి వెండి చుక్కలు, మిలమిల మెరుస్తున్నాయి. ఎంత శుభ్రంగా మండుతోందో అనుకున్నా. ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టా. అరవై లైకులు. ఒక్కరూ ఏమీ అనలేదు, అనేవాళ్లెవరూ నన్ను ఫాలో అవ్వరు.

డిసెంబర్‌లో, కంది కోతల టైమ్. ఇంటికొచ్చా. పొద్దున అయిదున్నరకు చలిలో బండి తీశా. మెయిన్ రోడ్డు మీద కాదు, అంత తెలివితక్కువవాణ్ని కాదనుకున్నా. తాండూరు దారి నుంచి పక్కకు చీలిన ఊరి రోడ్డు, కొత్తగా తారు వేసింది, దాదాపు కిలోమీటరు నిటారుగా ఉంటుంది. ఆ టైమ్‌లో ఎవరుంటారు? రోడ్డు మీద రేసుగానీ స్పీడు పరీక్షగానీ చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద కేసు. అది నాకు తెలుసు. తెలిసే పోయా.

మూడో గేరు, పదివేల పైన. సౌండు సడెన్‌గా సన్నబడినట్టు అనిపించింది. ఆ వెంటనే బండి నన్ను ముందుకు విసిరింది. ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం లాక్. పాత టూ స్ట్రోక్ వాళ్లు ఎప్పుడూ రెండు వేళ్లు క్లచ్ మీద ఉంచి నడుపుతారు, ఉస్తాద్ తిట్టి తిట్టి అలవాటు చేయించాడు, ఆ రెండు వేళ్లే నన్ను బతికించాయి. క్లచ్ లాగా. చక్రం వదిలింది. తల ఎత్తేసరికి ముందు, సగం రోడ్డు నిండా కందులు.

మా దగ్గర కంది కొట్టాక రోడ్డు మీదే ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేరుస్తారు బండ్లు ఎక్కకుండా. రాత్రి పూట కుప్ప చేసి పక్కనే పడుకుంటారు, పందులు రాకుండా. నేను పుట్టి పెరిగిన ఊరు. ఇది నాకు తెలీదా? డిసెంబర్‌లో రోడ్డంటే కల్లం అని నాకు తెలీదా? గచ్చిబౌలిలో అయిదేళ్లుంటే మర్చిపోతామా?

ఒక రాయి తగిలింది. బండి కుప్పలోకి దూరి, కందుల్లో కూరుకుని, పక్కకు ఒరిగింది. మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి. లేచి చూస్తే కుప్పకు అవతలి కొసన గొంగడి కప్పుకున్న మనిషి లేచి కూర్చుంది.

ముందు భయపడింది. తర్వాత నన్ను పోల్చింది. "నువ్వు ఫలానా ఆయన కొడుకువి గాదురా?" అంది. అవునన్నా. అప్పుడు మొదలుపెట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాస్తే ఎడిటర్ గారు ఎట్లాగూ తీసేస్తారు. చివరికి, "నేను చచ్చిపోతే మా ఇంటోళ్లు ఏడుస్తరో ఏడ్వరో గని, ఈ కందులు ఎవలెత్తాలె? ఎత్తు," అంది.

ఎత్తా. చీపురుతో, చేటతో, చేతులతో. కందుల్లో కారిన టూ టీ ఆయిల్ వాసన. ఆయిల్ తగిలినవి ఆమె వేరే పక్కకు తీయించింది, ఒక్కో దోసిలి చూసి. ఎనిమిదిన్నరకు వదిలిపెట్టింది. ఆ మూడు గంటల్లో నాకు బండి గురించి ఆలోచన రాలేదు. గొంగడి ఒక్కటే కనపడుతూ ఉండింది. రాయి తగలకపోతే? క్లచ్ అర సెకను ఆలస్యమైతే?

ఇంటికొచ్చేసరికి నాయనకు తెలిసిపోయింది. పల్లెలో ఫోన్ల కంటే మాటలే వేగం. ఆయన తిడతాడని ఎదురుచూశా. తిట్టలేదు. సాయంత్రం మా కందులు ఒక సంచి ఎత్తి స్ప్లెండర్ మీద పెట్టి "ఎక్కు" అన్నాడు. ఆమె ఇంటికి పోయాం. ఆమె సంచి విప్పి, కాంటా తెచ్చి, తూకం వేసింది. పాడైనవాటికంటే ఎక్కువున్నాయని మూడు కిలోలు తీసి మా చేతిలో పెట్టింది. "మీ కందులు చిన్నగున్నయి" అని కూడా అంది. నాయనకు అదే ఎక్కువ నొప్పి అనుకుంటా, దారంతా మాట్లాడలేదు.

*

బండిని ఆటో ట్రాలీలో తాండూరు తీసుకెళ్లాం. ఉస్తాద్ హెడ్డు విప్పాడు. పిస్టన్ నెత్తి అంచు, పొగ పోర్టు వైపు, చెదలు తిన్నట్టు గుంటలు గుంటలు. పక్కన గోడల మీద పైనుంచి కిందికి గీతలు. నాయన బ్లాకు, 1994 నుంచి ఒక్కసారి కూడా బోర్ చేయించనిది, దాని గోడకు అల్యూమినియం పూసుకుపోయి ఉంది.

నేను ఫోన్ తీసి నవంబర్ ప్లగ్గు ఫొటో చూపించా. ఉస్తాద్ కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"ఈ మెరుపేందో ఎరికేనా?"

"మంచిగా మండుతున్నదని..."

"పిస్టన్ బేటా గిది. పిస్టన్ కరిగి ప్లగ్గుకు అంటింది. నెల రోజులు ముందల నీకు చెప్పింది. నువ్వు లైకులు కొట్టిచ్చుకున్నవ్."

నాయన కిందికి చూసి నవ్వు ఆపుకున్నాడు. ఆ రోజు మొదటిసారి.

కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మే ఎండలో పెట్టిన జెట్టునే డిసెంబర్ చలిలోనూ ఉంచా. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, ఎక్కువ దూరుతుంది, దానికి తగినంత పెట్రోలు పెంచలేదు, మిశ్రమం పలచబడింది. పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానికీ జెట్టు పెంచాలి. ఇవి కొంత. కానీ ఉస్తాద్‌కి ఇవి సరిపోలేదు. "ఇంత తినదు" అంటూ మ్యాగ్నెట్ దగ్గర కూర్చున్నాడు. నా గీత చూశాడు. ఎట్లా పెట్టావని అడిగాడు. చెప్పా.

ఆయన పాత ప్లగ్గు ఒకటి తీశాడు, లోపలి పింగాణీ కొట్టేసి బోల్టు వెల్డింగ్ చేసినది. దాన్ని హెడ్డులో బిగించి మ్యాగ్నెట్‌ని ఒక వైపు మెల్లగా తిప్పాడు. పిస్టన్ బోల్టుకి తగిలి ఆగింది. అక్కడొక గీత. మళ్లీ రెండో వైపు తిప్పాడు. ఆగింది. ఇంకో గీత. దారంతో రెండింటి మధ్య దూరం కొలిచి, దారం సగానికి మడిచి, నడుమన మూడో గీత పెట్టాడు. నా మార్కర్ గీతకూ ఆయన గీతకూ మధ్య సందు ఉంది. డిగ్రీల చక్రం పెట్టి చూస్తే నాలుగు.

"పైకి పోయినంక పిస్టన్ జర సుస్తు తీస్కుంటది," అన్నాడు. "ఆ సుస్తుల నాలుగైదు డిగ్రీలు ఎటు పోయినయో ఎవనికీ తెల్వది. ఆగిన జాగల గుర్తు పెట్టొద్దు. ఉరుకుతున్న జాగల పెట్టు. పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి."

ఆ రాత్రి లాప్‌టాప్‌లో లెక్క వేశా, ఆయన్ని నమ్మక కాదు, నన్ను నేను తిట్టుకోడానికి. 50 మి.మీ. స్ట్రోక్, రాడ్ పొడవు 100 మి.మీ. అనుకుంటే, పైభాగం నుంచి నాలుగు డిగ్రీలు తిరిగినా పిస్టన్ కిందికి దిగేది 0.08 మి.మీ. కూడా లేదు. ఒక వెంట్రుక మందం. స్క్రూడ్రైవర్‌తో నేను పట్టుకోవాలనుకున్నది దాన్ని! అదే 20 డిగ్రీల దగ్గరైతే పిస్టన్ దాదాపు 1.9 మి.మీ. దిగి ఉంటుంది, అక్కడ ప్రతి డిగ్రీకి కొట్టొచ్చినట్టు కదులుతుంది. అందుకే ఉరుకుతున్న జాగ.

నా సున్నా నాలుగు డిగ్రీలు పక్కకుంది. కాబట్టి పట్టికలో 13 అని ఉన్నచోట ఇంజిన్‌లో పడింది 17. 18 ఉన్నచోట 22. ప్రతి చుట్టుకూ, ప్రతి స్పార్కుకూ. 10,000 ఆర్‌పీఎంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 17 మైక్రోసెకన్లు. నాలుగు డిగ్రీలు 67 మైక్రోసెకన్లు. ఆఫీసులో మా లాగ్స్ అంత చిన్న అంకెను రాయను కూడా రాయవు.

*

బ్లాకు బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాం. ఈసారి నాయనకు చెప్పే. ఆయన తాండూరొచ్చి లేత్ దగ్గర నిలబడి, పాత లోహం తీగలు తీగలుగా రాలుతుంటే చూశాడు. ఏమీ అనలేదు. ఒక తీగ జేబులో వేసుకున్నాడు.

తర్వాత రోడ్డు మీద ఒక్క రన్ కూడా లేదు. హైదరాబాద్ శివార్లలో డైనో ఉన్న ఒక షెడ్డులో గంటల లెక్కన తీసుకుని ట్యూన్ చేశాం. రోలర్ మీద వెనక చక్రం, కదలని బండి, ముందు పెద్ద ఫ్యాన్. ఒక్కసారికి ఒక్క డిగ్రీ మాత్రమే మార్చాలి, ఇంకేమీ ముట్టుకోవద్దు. ఇంజిన్ చల్లారాలి, మళ్లీ రన్. 8,000 దగ్గర 19 నుంచి 21కి పెంచితే గ్రాఫు లేచింది. 21 నుంచి 23కి పెంచితే గీత గీత మీదే పడింది. లాభం లేదు, నష్టమూ కనపడలేదు. పాత నేనైతే 23 ఉంచేవాణ్ని. నష్టం గ్రాఫులో కనపడదు, ప్లగ్గు మీద కనపడుతుంది. ఎక్కడ లాభం ఆగిందో ఆ చోటే వెనక్కి ఆగాలి, ఇంకో డిగ్రీ తగ్గించి పెట్టుకుంటే మరీ మంచిది. 21 ఉంచా. ప్లగ్గు కూడా ఒక నంబర్ చల్లటిది వేశా. (ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే చల్లటిది, బాష్‌లో ఉల్టా. ఇది తెలియక తప్పు ప్లగ్గు కొన్నవాళ్లు చాలామంది, నాతో సహా.)

ప్రతి రన్ తర్వాత ప్లగ్గు తీసి భూతద్దంతో చూస్తున్నా. చుక్కలు లేవు. సైడ్ ఎలక్ట్రోడ్ మీద వేడికి రంగు మారిన గీత వంపు దగ్గరికొచ్చి ఆగింది. ఫొటో తీశా, ఎక్కడా పెట్టలేదు, ఉస్తాద్‌కి వాట్సాప్ చేశా. బొటనవేలు పంపాడు. ఆయన బొటనవేలు పంపడం అంటే మామూలు విషయం కాదు.

ఇరుంగాట్టుకోట్టై పోవాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి, రేసింగ్ సూటు కావాలి, లీవు కావాలి. మూడింటిలో మూడోదే కష్టం.

పోయిన ఆదివారం రాత్రి ఉస్తాద్ షెడ్డులో చివరి పని. టైమింగ్ లైటుతో పట్టికనూ ఇంజిన్‌నూ సరిచూడటం. ఈ లైటు మొదటే కొని ఉంటే ఈ కథే లేదు. స్పార్క్ పడిన ప్రతిసారీ అది ఒక్క వెలుగు వెలుగుతుంది, గిర్రున తిరుగుతున్న మ్యాగ్నెట్ ఆ వెలుగులో ఆగిపోయినట్టు కనపడుతుంది. ఉస్తాద్ లైట్లన్నీ ఆర్పేశాడు. నేను నేల మీద కూర్చుని లైటు పట్టుకున్నా. యాక్సిలేటర్ ఎవరు పట్టుకోవాలన్నది సమస్య. నాయన ముందుకొచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"మెల్లగ నాయనా. నేను చెప్పేదాక పెంచకు."

చీకట్లో, పొగలో, తెల్ల పెయింట్ గీత గాల్లో నిలబడింది. 24 మీద. నాయన మణికట్టు తిప్పాడు. షెడ్డు రేకులు అదిరాయి. గీత కదిలింది. 21. 19. 18. స్పీడు పెరిగేకొద్దీ ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, రాసినట్టే, రాసినచోటే.

నాయన యాక్సిలేటర్ వదిలాడు. చెవులు గుయ్యిమంటున్నాయి.

"జోరు చేస్తే గీత ఎనకకు పోతున్నదేందిరా?"

చెప్పబోయా. మంట, సుడులు, పైపు, తరంగం. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టి, "ముందల ఇంకోపారి తిప్పుమను," అన్నాడు. నాయన అప్పటికే తిప్పుతున్నాడు.